మామనుల్లాహ్ ఖబరస్తాన్ - ‘ముందరిస్’ ఫత్వా చరిత్ర

బైతుల్ మఖ్దిస్ పాతనగరపు ప్రాకారానికి పడమట, యాఫా ద్వారానికి కొద్ది దూరంలో ఒక పురాతన ఖబరస్తాన్ వున్నది. అరబ్బులు దానిని మామనుల్లాహ్ అంటారు. అల్లాహ్ శరణాలయమని ఆ మాటకు అర్థం. ఇతరులు మామిల్లా అని పిలుస్తారు. 1187లో సుల్తాన్ సలాహుద్దీన్ అయ్యూబీ నగరాన్ని క్రూసేడర్ల నుండి విడిపించిన తరువాత అది ముస్లిముల ప్రధాన ఖననభూమి అయింది. ఆలిములు, ఖాజీలు, సూఫీలు, సైనికులు, సామాన్యులు అక్కడ ఖననమయ్యారు. 1289లో మరణించిన అమీర్ ఐదుగ్దీ కుబకీ సమాధిపై కట్టిన గుమ్మటం నేటికీ నిలిచివున్నది. పదిహేనవ శతాబ్దపు చరిత్రకారుడు ముజీరుద్దీన్ దీనిని ఆ నగరపు ఖబరస్తాన్లలో పెద్దదిగా పేర్కొన్నాడు.

బ్రిటిష్ వారి పాలనలో, 1920ల చివర, అక్కడ ఖననాలు ఆగిపోయాయి. 1938లో అది వక్ఫ్‌గా నమోదయింది. విస్తీర్ణం సుమారు 134 దూనములు, అంటే దాదాపు 33 ఎకరాలు.

ఈ భూమిపై మొదటి కట్టడాన్ని తలపెట్టినది పరాయివారు కాదన్న చేదు నిజాన్ని ముస్లిములు దాచుకోరాదు. 1929లో పాలెస్తీనా సుప్రీం ముస్లిం కౌన్సిలు ఈ ఖబరస్తాన్ చెంత పాలెస్ హోటలును కట్టించింది. పునాదులు త్రవ్వగా సమాధులు బయటపడ్డాయి. 1945లో అక్కడ వ్యాపారకేంద్రం నిర్మించే ఆలోచన కూడా పత్రికలకెక్కింది. ఈ ఖబరస్తాన్ ‘ముందరిస్’, అంటే ఆనవాళ్ళు చెరిగిపోయినది కనుక ఫరవాలేదన్నది నాడు చెప్పిన సమర్థన.

1948లో ఆ ప్రాంతం ఇస్రాయీల్ అధీనంలోకి పోయింది. 1950 నాటి చట్టం క్రింద ‘గైరుహాజరు యజమానుల ఆస్తి’గా భూమి ప్రభుత్వ సంరక్షకుని చేతికి వచ్చింది. 1964లో ఆ రాజ్యపు షరీఅత్ అప్పీలు న్యాయస్థాన ఖాజీ అదే ‘ముందరిస్’ మాటను తిరిగి పలికి, స్థలపు పవిత్రత తీరిపోయిందన్నాడు. కొంత భాగం ఉద్యానవనమయింది. మరికొంత కార్లు నిలిపే స్థలమయింది. 2004లో ఆ స్థలంలోనే ‘సహన సంగ్రహాలయం’ అనే మ్యూజియమునకు శంకుస్థాపన జరిగింది. త్రవ్వకాలలో అంతస్తులు అంతస్తులుగా సమాధులు బయటపడ్డాయి. అయినా 2008లో ఇస్రాయీల్ సుప్రీంకోర్టు నిర్మాణానికి అనుమతినిచ్చింది. దశాబ్దాలుగా కార్లు నిలుస్తున్నా ఎవరూ అభ్యంతరం చెప్పలేదన్నది తీర్పులోని ముఖ్యాంశాలలో ఒకటి.

ఇంతకూ ‘ముందరిస్’ గురించి ఫిఖహ్ ఏమంటున్నది? మరణించిన విశ్వాసి ఎముకను విరచడం బ్రతికివున్నవాని ఎముకను విరచడం వంటిదేనని దైవప్రవక్త (స) బోధించారు. శవం పూర్తిగా మట్టిలో కలిసిపోయిన పిదప ఆ చోట మరొకరిని ఖననం చేయవచ్చునని, సేద్యం, కట్టడం కూడా చేయవచ్చునని హనఫీ ఫఖీహ్ ఇమాం జైలఈ వ్రాశారు. ‘ముందరిస్’ వాదానికి ఇటువంటి మాటలే ఆధారం. కాని ఆ మాట శవపు గౌరవానికి సంబంధించినది. వక్ఫ్ భూమి ప్రశ్న వేరు. ఔరంగజేబు పాదుషా కాలంలో మన దేశంలోనే సంకలనమైన ఫతావా ఆలంగీరీలో, వక్ఫ్ ప్రకరణంలో, దీనికి సూటి సమాధానమున్నది. ఎముక సైతం మిగలని ఖబరస్తాన్‌లో సేద్యం చేయవచ్చునా అని ఖాజీ మహమూద్ ఊజ్‌జందీని అడిగితే, కూడదనీ, అది ఇంకా ఖబరస్తానేననీ ఆయన చెప్పారు. చెరిగిపోయిన ఖబరస్తాన్‌పై మస్జిదు కట్టవచ్చునన్న మాలికీ ఫఖీహ్ ఇబ్నుల్ ఖాసిం సైతం, రెండూ ముస్లిముల వక్ఫులే గదా అన్న కారణం చేతనే ఒప్పుకున్నారు. ఎముకలు మట్టి కావచ్చు. వక్ఫ్ మట్టి కాదు.

1998లో ఆంధ్రప్రదేశ్ వక్ఫ్ బోర్డు కక్షిదారుగా వున్న సయ్యద్ అలీ కేసులో భారత సుప్రీంకోర్టు కూడా ఇదే సూత్రాన్ని చెప్పింది: ఒకసారి వక్ఫ్ అయినది ఎల్లప్పుడూ వక్ఫే.

అయితే సూత్రం ఒక్కటే భూమిని కాపాడజాలదు. మామనుల్లాహ్ విషయంలో మొదట ఖననాలు ఆగాయి. పిదప సొంతవారే సడలింపును వెదికారు. ఆ సడలింపే పరాయి చేతిలో ఆయుధమయింది. చివరకు మౌనం అంగీకారంగా లెక్కింపబడింది. పాడుపడిన ఖబరస్తాన్ వున్న ప్రతి ఊరి ముతవల్లీ, జమాఅత్ ఈ వరుసను గుర్తుంచుకోవాలి. సరిహద్దు గోడ, రికార్డులో నమోదు, సకాలంలో అభ్యంతరం - ఇవి బ్రతికివున్నవారు చేయవలసిన పనులు. సమాధులలో వున్నవారు తమ తరఫున వాదించుకోలేరు.