పెరటి కోళ్లకు వడదెబ్బ: ఎండాకాలంలో కాపాడుకునే మార్గాలు

కామారెడ్డి జిల్లా బాన్సువాడ డివిజన్‌లోని నస్రుల్లాబాద్, 2016లో జిల్లాల పునర్విభజన సమయంలో మండల కేంద్రమైంది. ఇక్కడి పల్లెల్లో వరి ప్రధాన పంట. యాసంగి కోతలు సాగే రోజుల్లోనే ఎండలు ముదురుతాయి. మే నెలలో ఉమ్మడి నిజామాబాద్ జిల్లాలో 44 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. ఇంటిల్లిపాదీ పొలం దగ్గర, కల్లం దగ్గర ఉంటారు. పెరట్లోని కోళ్లను మధ్యాహ్నం పట్టించుకునేవారు ఉండరు. గుడ్లు పెట్టే నాలుగు పెట్టలు ఒక్క పూటలో పోతే, ఇంటి ఆడవాళ్ల చేతి ఖర్చుకు వచ్చే పైసలు పోయినట్టే.

కోడికి ఎండ ఎందుకు తట్టదు?

కోడికి చెమట గ్రంథులు లేవు. దాని ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలకు పైగా ఉంటుంది. పైన ఈకల దుప్పటి. తల మీది జుట్టు, గొంతు కింది తమ్మెలు, కాళ్ల ద్వారా కొంత వేడి బయటికి పోతుంది. చుట్టూ వేడి 30 డిగ్రీలు దాటేకొద్దీ అది చాలదు. అప్పుడు నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పినప్పుడు గొంతులోని తడి ఆవిరై ఒళ్లు చల్లబడుతుంది. ఒంట్లో నీళ్లు తగ్గితే ఈ దారీ మూసుకుపోతుంది.

రొప్పుడు వల్ల రక్తంలో బొగ్గుపులుసు వాయువు తగ్గి, గుడ్డు పెంకు తయారీ దెబ్బతింటుంది. ఎండాకాలంలో గుడ్లు పలుచబడటానికి కారణం ఇదే. పెంకు ఎక్కువగా రాత్రిపూట తయారవుతుంది కాబట్టి సాయంత్రం మేతతో ఆల్చిప్పల పొడి పెడితే కొంత మేలు.

నీడ, గాలి

రేకుల గూడు మధ్యాహ్నం పొయ్యిలా కాగుతుంది. రేకుల మీద సున్నం పూస్తే ఎండ తిరిగి పోతుంది. మందంగా వరిగడ్డి పరిస్తే ఇంకా మంచిది. కోతలప్పుడు గడ్డికి కొదవ ఉండదు. కొత్తగా గూడు కట్టేవాళ్లు పొడవు తూర్పు పడమరలుగా ఉండేట్టు చూసుకుంటే పొద్దుటి, సాయంత్రపు ఎండ లోపలికి తక్కువగా పడుతుంది. రెండు పక్కలా జాలీ ఉండాలి. పిల్లులు, ముంగిసల భయంతో చుట్టూ పరదాలు కట్టి గాలి ఆపేస్తే రాత్రిపూట కూడా కోళ్లు ఉడికిపోతాయి. పగలు గంప కింద మూయడం కంటే వేప చెట్టు నీడకు వదలడం మేలు. గూట్లో రెట్ట పేరుకుంటే అదీ వేడి పుట్టిస్తుంది, రెండు మూడు రోజులకోసారి ఊడ్చాలి.

జాలీకి తడి గోనె సంచులు కడితే వచ్చే గాలి చల్లబడుతుంది. అయితే పొడి వేడికే ఇది పనికొస్తుంది. గల్ఫ్ ఎడారి లోపలి ప్రాంతాల్లోనూ, మన ఏప్రిల్, మే ఎండల్లోనూ ఫలితం ఉంటుంది. తొలకరి ముందు ఉక్కపోత మొదలయ్యాక తడి ఆరదు, కోడి రొప్పినా ఒళ్లు చల్లబడదు. అప్పుడు సంచులు తీసేసి గాలి ఆడనివ్వాలి, కుదిరితే ఫ్యాన్ పెట్టాలి.

నీళ్లు, మేత

గుడ్లు పెట్టే కోడి మామూలు రోజుల్లో పావు లీటరు దాకా తాగుతుంది. ఎండల్లో దానికి రెట్టింపు కావాలి. మేడ మీది నల్ల ట్యాంకు నీళ్లు మధ్యాహ్నానికి మరిగిపోయి ఉంటాయి, కోళ్లు వాటిని ముట్టవు. రంజన్ నీళ్లను వెడల్పాటి మట్టి పాత్రల్లో, నీడలో, రెండు మూడు చోట్ల పెట్టాలి. పిల్లలు మునగకుండా పాత్రలో గులకరాళ్లు వేయాలి. ఎలక్ట్రోలైట్ పొడి కలిపితే ప్యాకెట్ మీద రాసిన మోతాదు దాటొద్దు.

మేత అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. అందుకే వడ్లు, నూకలు, మక్కలు తెల్లవారుజామున, పొద్దు వాలాక వేయాలి. పది గంటల తర్వాత మేత వేయొద్దు. టీకాలు, కోళ్లను పట్టుకుని బజారుకు తీసుకుపోవడం కూడా చల్లపూటే పెట్టుకోవాలి.

వడదెబ్బా, కొక్కెర తెగులా?

వడదెబ్బ తగిలిన కోడి రెక్కలు ఒంటికి దూరంగా జార్చి రొప్పుతుంది, తర్వాత తూలి పడుతుంది. మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపు, ముందుగా బరువైన కోళ్లు పోతాయి. పచ్చటి పారుడు, మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం, చల్లపూట కూడా చావులు కనిపిస్తే కొక్కెర తెగులుగా అనుమానించాలి. ఎండే అనుకుని ఊరుకుంటే ఊరంతా పాకుతుంది. పశువైద్యుడికి చూపించాలి, 1962 నంబరుకు ఫోన్ చేయొచ్చు.

వడదెబ్బే అయితే కోడిని నీడకు చేర్చి, కాళ్లను చల్లటి నీళ్లలో ఉంచి, జుట్టు, తమ్మెలు తడపాలి. ఐసు నీళ్లలో ముంచొద్దు. గొంతులో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు కొనకు చుక్కచుక్కగా అందిస్తే అదే మింగుతుంది. చచ్చిన కోడిని కూరకు వాడకుండా, కుక్కలకు వేయకుండా లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చాలి.

ఏ కోళ్లు తట్టుకుంటాయి?

బరువైన బ్రాయిలర్ కంటే నాటు కోడి ఎండకు ఎక్కువ ఆగుతుంది. మెడ మీద ఈకలు లేని రకానికి ఒంటి వేడి త్వరగా దిగుతుంది. పెరటి పెంపకం కోసం హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కేంద్ర కోళ్ల పరిశోధన సంస్థ వనరాజా, గ్రామప్రియ రకాలను తయారు చేసింది. ఏ రకమైనా నీడ, గాలి, చల్లటి నీళ్లు తప్పవు. కోతలకు పోయే రోజుల్లో మధ్యాహ్నం ఒకసారి నీళ్లు మార్చే పని ఇంట్లో ఉండే పెద్దలకో, సెలవుల్లో ఉన్న పిల్లలకో అప్పగించి పోవాలి.