పొట్టి వరి, దాని పక్కింటి జన్యువు

2002 నవంబరులో ఓ ఆదివారం పొద్దున్న న్యూజెర్సీలో కూర్చుని, కాలింగ్ కార్డు నంబరు గీకి ఇంటికి ఫోను చేశాను. ఆ ఏడు జూలైలో దేశంలో చాలాచోట్ల వానలు మొహం చాటేశాయి. విజయనగరం జిల్లాలో మా పొలం చెరువు కిందే ఉంది గానీ, చెరువులోనే నీళ్ళు లేనప్పుడు పొలం కిందుంటేనేం, పైనుంటేనేం? నాన్న వేసింది స్వర్ణ. సరిగ్గా పొట్ట దశలో నీళ్ళాగిపోయాయి. వెన్నులు తెల్లగా బయటికొచ్చాయి. నలిపి చూస్తే అన్నీ తాలే.

"ఆ రకం ఎందుకేశావు నాన్నా? బెట్టకి ఆగేది ఇంకేదైనా వెయ్యాల్సింది" అన్నాను, ఏదో నాకు తెలిసినట్టు. కాసేపు అట్నుంచి మాటలేదు. "ఏటి చెయ్యాల్రా, ఉన్నవాటిలో అదే మంచిది" అన్నాడు.

ఆయన చెప్పింది నిజమేనని నాకు అర్థమవడానికి పదేళ్ళ పైనే పట్టింది.

కథ 1962లో, ఫిలిప్పీన్స్‌లోని లాస్ బాన్యోస్‌లో మొదలవుతుంది. అప్పటి వరి రకాలు పొడుగ్గా ఉండేవి. నత్రజని ఎరువు వేస్తే ఇంకా ఏపుగా పెరిగి, కంకి బరువుకి వంగి, గాలివానకి చేనంతా పడిపోయేది. ఎరువుకి డబ్బు పెట్టి పంటని బురదలో పోసుకోవడమే. అక్కడి అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థలో పీటర్ జెన్నింగ్స్ అనే శాస్త్రవేత్త, ఇండోనేషియా పొడుగు రకం పేటాని, తైవాన్ పొట్టి రకం డీ-జియో-వూ-జెన్‌తో సంకరం చేశాడు. అందులోంచే 1966లో ఐఆర్8 వచ్చింది. ఎరువు బాగా వేసిన పరీక్ష మళ్ళలో హెక్టారుకి 9 టన్నులు దాటింది, పైగా పడిపోలేదు. మన పశ్చిమ గోదావరి జిల్లా ఆచంటలో నెక్కంటి సుబ్బారావుగారు 1967లో దాన్ని పండించి, విత్తనం నలుగురికీ అందించి, "మిస్టర్ ఐఆర్8" అనిపించుకున్నారు. కరువు భయం మీదున్న దేశానికి అది చిన్న సంగతి కాదు. ఆ అన్నం తినే నేను పెరిగాను. కాబట్టి హరిత విప్లవాన్ని తిట్టడానికి ఇది రాయట్లేదు.

ఇంతకీ ఆ పొట్టితనం ఎక్కడిది? వరికి 12 జతల క్రోమోజోములు. మొదటి క్రోమోజోము మీద ఎస్‌డి1 అనే జన్యువు ఉంది. మొక్కని పొడుగు సాగదీసే జిబ్బరెల్లిన్ అనే హార్మోను తయారీలో దానికో పని. డీ-జియో-వూ-జెన్‌లో ఆ జన్యువులోంచి 383 అక్షరాలు ఎగిరిపోయాయి. హార్మోను తగ్గింది, కాడ పొట్టిదయింది. ఈ గుట్టు బయటపడింది 2002లో, అంటే మా చేను తాలైన ఏడాదే!

అసలు సంగతి దాని పక్కింట్లో ఉంది. 2011లో అదే సంస్థలో ప్రశాంత్ విక్రమ్, అరవింద్ కుమార్ బృందం ఒక ఫలితం ప్రచురించింది. ఉత్తరప్రదేశ్‌లోని నగీనా పేరు మీదున్న పాత రకం నగీనా22ని మూడు పేరున్న రకాలతో కలిపి, పూత సమయంలో నీళ్ళు ఆపి, గింజ దిగుబడి తూచి చూశారు. ఆ మూడూ ఏవంటే స్వర్ణ, ఐఆర్64, ఎంటీయూ1010. వీటిలో స్వర్ణ, 1010 రెండూ మన మారుటేరు బిడ్డలే. మూడింటిలోనూ, మొదటి క్రోమోజోము మీద ఒకే చోట, నగీనా22 ముక్క ఉన్న మొక్కలకి బెట్టలో గింజ ఎక్కువ నిలిచింది. ఆ చోటుకి క్యూడీటీవై1.1 అని పేరు పెట్టారు. చూస్తే అది ఎస్‌డి1 ఉన్న వీధిలోనే ఉంది.

క్రోమోజోము మీద దగ్గరదగ్గరగా ఉన్న జన్యువులు తరవాతి తరానికి సాధారణంగా కలిసే వెళ్తాయి. ఇల్లు కొంటే పొరుగుని కూడా కొన్నట్టే! పొట్టి మొక్కల్ని ఏరుకున్న ప్రతిసారీ పొట్టి జన్యువు పక్కనున్న ముక్క కూడా వచ్చేది. పొడుగు రకాల్లో ఉండే బెట్ట తట్టుకునే ముక్క, పొడుగుతో పాటే బయటికి పోయింది. ఎవరూ దాన్ని కావాలని పారెయ్యలేదు. ఏరింది ఎక్కువగా నీళ్ళున్న మళ్ళలో కాబట్టి, పోయినట్టు తెలియలేదు. మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. ఆఫీసులో పరుగులు పెట్టిన ప్రోగ్రాము కస్టమరు దగ్గర చతికిలబడితే, మేం పరీక్షించని సంగతేదో అక్కడ ఎదురైందన్న మాట.

మరైతే పొట్టిగా ఉండడమే బెట్టకి చేటా? అదే అయితే చేసేదేమీ ఉండదు. కానీ 2015లో అదే బృందం ఇవి రెండు వేరువేరు గుణాలనీ, కేవలం ఇరుగుపొరుగనీ తేల్చింది. వేల మొక్కల్లో ఎక్కడో ఒకదాంట్లో ఆ రెండిటి మధ్యా క్రోమోజోము తెగి అతుక్కుంటుంది. అలాంటివి ఏరుకుంటూ, మరీ పొడుగు కాకుండా బెట్టకి ఆగే మొక్కల్ని తయారు చేశారు. అలాగని నీళ్ళు లేకుండా వరి పండుతుందని కాదు. పక్క చేను తాలైనప్పుడు ఇందులో కొంతైనా గింజ ఉంటుంది, అంతే. అప్పు చేసి నాటిన వాడికి ఆ కొంత చాలా ఎక్కువ.

ఇది చదివాక నాన్నకి ఫోను చేసి, ఆ రోజు అలా అన్నందుకు ఏమీ అనుకోవద్దన్నాను. ఆయనకి అసలు గుర్తే లేదు. జన్యువుల కథంతా ఓపిగ్గా విని ఒకటే అడిగాడు: "మరి ఈ కొత్తది గాలేస్తే పడిపోతాదేట్రా?"

1962లో లాస్ బాన్యోస్‌లో వాళ్ళూ అక్కడే మొదలుపెట్టారు.