కొలువులో తొలి వారం: గనికి చట్టం ఉంది, గూడేనికి లేదు

కొత్త ఉద్యోగంలో చేరబోయేవారికి పెద్దలు చెప్పే బుద్ధులు ఎక్కడైనా ఒకటే. సర్టిఫికెట్లు భద్రంగా సర్దుకో, వేళకు వెళ్లు, పై అధికారి మనసెరిగి మసలుకో. సిద్ధం కావలసింది చేరేవాడేననీ, చేర్చుకునేవాడికి అందులో పనేమీ లేదనీ వీటన్నిటి వెనకా ఒక నమ్మకం ఉంది. ఖమ్మం దాటి ఇల్లందు, కొత్తగూడెం మీదుగా భద్రాచలం, దుమ్ముగూడెం దాకా సాగే అడవి అంచున శతాబ్దాలుగా నడిచిన కొలువుల చరిత్ర చూస్తే ఆ నమ్మకం నిలవదు. కొత్తవాడిని పనికి సిద్ధం చేసే ఏర్పాటు ఇక్కడ ఎవరి మంచితనం వల్లా పుట్టలేదు. కొత్తవాడి తెలియనితనం వల్ల కలిగే నష్టం లెక్కకు వచ్చి, ఆ లెక్క యజమాని ఖాతాలో పడిన చోట మాత్రమే పుట్టింది. నష్టం అడవిలో ఉండేవారి నెత్తిన పడిన చోట నేటికీ పుట్టలేదు.

ముందు గని సంగతి. 1871లో జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు ఆనవాలు పట్టాడు. 1886లో హైదరాబాద్ డెక్కన్ కంపెనీ తవ్వకం హక్కులు పొందింది. 1889 నాటికి ఇల్లందులో బొగ్గు పైకి వస్తోంది. సింగరేణి అనే ఊరి పేరు బొగ్గుకూ, 1920లో ఏర్పడిన కంపెనీకీ స్థిరపడింది. 1937లో కొత్తగూడెంలో తవ్వకం మొదలైంది. ఈ కాలమంతా పల్లె నుంచి వచ్చి గనిలో దిగినవాడికి గురువు పక్కన పనిచేసే పాత కార్మికుడే. పైకప్పును కర్రతో తట్టి, చప్పుడును బట్టి బండ గట్టిగా ఉందో బోలుగా ఉందో పసిగట్టడం, దన్ను కర్రలు ఎక్కడ నిలపాలో చూడటం, టబ్బులు కదిలేటప్పుడు ఏ వైపు ఒదగాలో తెలుసుకోవడం, అన్నీ చూసి నేర్చుకోవలసినవే. చూసి నేర్చుకునేలోపే పోయినవాడు పోయినట్టే. నాగలి వదిలి వచ్చినవాడికి భూమి అంటే కాళ్ల కింద ఉండేది. అది నెత్తి మీద కూడా ఉండే చోట ఎలా మెలగాలో చెప్పే బాధ్యత చట్టప్రకారం ఎవరి మీదా స్పష్టంగా లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1952 గనుల చట్టం వచ్చింది. 1958లో బెంగాల్ లోని చినాకురి గనిలో 170 మందికి పైగా, 1965లో బీహార్ లోని ధోరి గనిలో 260 మందికి పైగా చనిపోయారు. ఆ మరుసటి ఏడాది, 1966లో, గని కార్మికుల వృత్తి శిక్షణ నియమావళి వెలువడింది. ఈ రెండు విషాదాలే దానికి ఏకైక కారణం అనడం లేదు. కానీ దేశమంతా శవాలను లెక్కపెట్టిన దశాబ్దం తర్వాతే అది వచ్చిందన్నది కాదనలేని సంగతి. కొత్తవాడిని పనిలో పెట్టేముందు శిక్షణ ఇప్పించవలసిన పూచీ ఆ నియమావళితో గని యాజమాన్యం మీద పడింది. సింగరేణి ప్రాంతంలో వీటీసీ (వృత్తి శిక్షణ కేంద్రం) అన్న మూడక్షరాలు తెలియని ఇల్లు ఉండదు. వైద్య పరీక్ష, ఆ తర్వాత వీటీసీలో పాఠాలు, ఆ తర్వాతే మస్టరు, క్యాప్ ల్యాంపు. తండ్రి ముప్పై ఏళ్లు బొగ్గు నింపిన ఇంట్లో పుట్టి వారసత్వ ఉద్యోగంలో చేరినా సరే, కొడుకు ఆ పాఠాలకు కూర్చోవలసిందే. ఇంట్లో అబ్బిన తెలివిని చట్టం శిక్షణ కింద జమ కట్టుకోదు.

ఇప్పుడు గోదావరి ఒడ్డుకు వద్దాం. ఈ సీమలో అందరికన్నా పేరుపడ్డ కొత్త ఉద్యోగి, రామదాసుగా ప్రసిద్ధుడైన కంచర్ల గోపన్న. నేలకొండపల్లిలో పుట్టాడు. 1672లో గోల్కొండ గద్దెనెక్కిన అబుల్ హసన్ తానీషా కొలువులో మేనమామలు అక్కన్న మాదన్నల అండతో పాల్వంచ పరగణాకు తహసీల్దారయ్యాడు. పన్ను సొమ్ముతో భద్రాచలంలో గుడి కట్టించి గోల్కొండ కోటలో ఖైదు అనుభవించాడని తరతరాలుగా చెప్పుకుంటున్నాం. రామదాసు కథలో భక్తి పాలెంతో, చరిత్ర పాలెంతో తేల్చడం ఇక్కడి పని కాదు. కొలువు ఎలా దొరికిందన్నది మాత్రం మనకు పనికొచ్చే ఆధారం. సిఫారసు కావాలి, లెక్కలు రావాలి, ఏటా జమ గోల్కొండకు చేరాలి. తహసీల్దారు యోగ్యతకు కొలబద్ద ఖజానాయే. పరగణాలోని కోయవాళ్ల గురించి అతనికి ఎంత తెలుసని అడిగే అవసరం గోల్కొండకు లేదు, తెలియకపోయినా ఖజానాకు వచ్చే నష్టమూ లేదు. ప్రభువులు మారినా ఈ కొలబద్ద చాలాకాలం మారలేదు.

ప్రభువులైతే తరచుగానే మారారు. 1860లో నిజాం గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను ఇంగ్లీషువారికి ఇచ్చేశాడు. భద్రాచలం, రేకపల్లి కొన్నాళ్లు సిరొంచ కేంద్రంగా మధ్యపరగణాల పాలనలో ఉండి, 1874లో మద్రాసు వారి గోదావరి జిల్లాలో కలిశాయి. కుడి ఒడ్డు నిజాందే. అంటే ఏటికి ఒక వైపు ఫారసీ, తర్వాత ఉర్దూ దస్త్రాలు, మరో వైపు ఇంగ్లీషు దస్త్రాలు, రెండు ఒడ్డులా అడవిలో వినిపించేది కోయ మాట, కొండరెడ్ల తెలుగు. మద్రాసు పాలన వచ్చాక రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెరిగింది, కొన్ని అడవుల్లో పోడుకు అడ్డు వచ్చింది. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు రేకపల్లి కూడా కదిలింది. కల్లు పన్ను, పోలీసుల ఆగడాలు, ముఠాదారుల గొడవలు అన్నీ అందులో ఉన్నాయి. మైదానం లెక్కను కొండ మీదికి మోసుకొచ్చిన ఉద్యోగులకు కొండ లెక్క తెలియకపోవడం కూడా ఉంది. ప్రభుత్వం దాన్నుంచి నేర్చుకున్నది ఏజెన్సీకి వేరే చట్టాలు కావాలని. వేరే చదువున్న ఉద్యోగులు కావాలని మాత్రం కాదు.

అదే రోజుల్లో అదే ఒడ్డున ఇంకొక రకం కొత్తవాళ్లు ఉన్నారు. గోదావరిలో పడవలు ఎగువకు నడపాలన్న పథకం కింద దుమ్ముగూడెం దగ్గర ఆనకట్ట పనులు సాగాయి. 1871లో ఆ పథకం ఆగినా అక్కడ మొలిచిన మిషన్ మిగిలింది. అందులో పనిచేసిన జాన్ కెయిన్ దశాబ్దాల పాటు దుమ్ముగూడెంలోనే ఉండి, కోయ భాష నేర్చి, 1876 నుంచి ఇండియన్ యాంటిక్వెరీ పత్రికలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి వరుసగా రాశాడు. మతం మార్పించడానికి వచ్చినవాడే, అందులో దాపరికం లేదు. మరి అతను నేర్చినది తహసీల్దారు ఎందుకు నేర్వలేదు? వినేవాడికి అర్థం కాకపోతే ఫాదిరీ పని ఒక్క అడుగు సాగదు. వినేవాడికి అర్థం కాకపోయినా తహసీల్దారు పని సాగిపోతుంది. సంతలో ఉప్పూ బట్టా అమ్మే షావుకారును తీసుకోండి, కలప కాంట్రాక్టరు గుమాస్తాను తీసుకోండి. ఇప్పపూలు ఎప్పుడు రాలతాయో, గింజలు ఏ నెలలో అయిపోతాయో, ఏ ఇంటికి ఎప్పుడు అప్పు కావాలో తెలియకపోతే వాళ్లకు బేరం లేదు. మానవశాస్త్రవేత్త హైమన్ డార్ఫ్ 1941 ప్రాంతంలో పాపికొండల వైపు తిరిగి, 1945లో అచ్చువేసిన గ్రంథంలో కలప, వెదురు వ్యాపారుల అప్పుల్లో కొండరెడ్లు ఎలా ఇరుక్కున్నారో నమోదు చేశాడు. ఈ అడవిలో పనికి బాగా సిద్ధమై దిగినవాళ్లు అడవిని దోచుకున్నవాళ్లే అనడం చేదుగా ఉంటుంది గానీ, ఆధారాలు చూపేది అదే.

ఉద్యోగి సిద్ధపడలేదా అంటే, తన మటుకు తాను పడ్డాడు. మలేరియాకు క్వినైన్, దోమతెర, లాంతరు, నెలకు సరిపడా సరుకులు. 1965లో భద్రాచలం దగ్గర వంతెన వచ్చేదాకా కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ స్టేషన్ లో దిగి నలభై కిలోమీటర్లు పోయి ఏరు దాటాలి, లేదా రాజమండ్రి నుంచి పాపికొండల మధ్యగా పడవలో రావాలి. ఇదంతా ఊరి నుంచి తనను కాపాడుకోవడానికి చేసుకున్న సన్నాహం, ఊరి పనికి చేసుకున్నది కాదు. పైగా ఏజెన్సీ అంటేనే శిక్ష బదిలీ అన్న పేరు పడిపోయింది. శిక్ష అనుభవించడానికి వచ్చినవాడు మొదటి వారంలో గూడెం దారి కనుక్కోడు, తిరుగు బదిలీ దారి కనుక్కుంటాడు. అతన్ని తప్పుపట్టి లాభం లేదు. ఆ పోస్టుకు ఆ పేరు పెట్టింది పంపినవాళ్లే.

ఇక్కడ మొదటి అభ్యంతరం వస్తుంది. ఉద్యోగి పరాయివాడిగా ఉండటమే న్యాయం కదా, స్థానిక బంధాలుంటే పక్షపాతం రాదా? గోపన్న ఉదంతాన్నే సాక్ష్యంగా చూపవచ్చు కూడా. పక్క ఊరివాడు, మనసు పడ్డ దేవుడికి సర్కారు సొమ్ము ఖర్చుపెట్టాడు. వాదనలో కొంత బలముంది. కానీ బంధుత్వం వేరు, ఎరుక వేరు. 1959లో వచ్చి, 1963లో తెలంగాణకు విస్తరించి, 1970లో పదును పెట్టిన భూబదలాయింపు నిబంధన, ఊళ్లో అందరూ ‘1/70’ అని పిలిచే చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరుల చేతికి భూమి మారకుండా ఆపాలి. కొత్తగా వచ్చిన తహసీల్దారు దాన్ని మొదటి వారంలోనే చదివి రాకపోతే, అతనికి వివరించడానికి మొదట గుమ్మంలో నిలబడేది భూమి కొనుక్కున్నవాడే. తెలియనివాడు నిష్పక్షపాతి కాడు. ముందు వచ్చి చెప్పినవాడి పక్షం అవుతాడు.

రెండో అభ్యంతరం ఇంతకన్నా బలమైనది. స్థానికులకే ఉద్యోగాలిస్తే ఈ శిక్షణల గోల ఎందుకు? నిజమే, ఆ దారి చాలా దూరం తీసుకెళ్లింది. 1943లో ఆదిలాబాద్ మార్లవాయిలో హైమన్ డార్ఫ్ పూనికతో గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసే కేంద్రం మొదలైంది. బడికి పంతులు రాడన్న ఏళ్లనాటి ఫిర్యాదుకు జవాబుగా 2000 జనవరిలో జీవో 3 షెడ్యూల్డ్ ప్రాంతపు టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. తీర్పు మంచిచెడ్డలు అలా ఉంచితే, జీవో ఉన్న రోజుల్లోనూ అది తీర్చని చిక్కు ఒకటుంది. ఇంట్లో లంబాడీ మాట్లాడే గిరిజన టీచరుకు కోయ బడి పరాయి బడే. ఛత్తీస్‌గఢ్ నుంచి 2005 తర్వాత వలస వచ్చిన గుత్తికోయల పిల్లల మాట ఇక్కడి కోయ టీచరుకే కొంత కొత్త. డాక్టరు, బ్యాంకు మేనేజరు, ఫారెస్టు బీటు ఆఫీసరు, ఎస్సై, వీళ్లెవరికీ ఆ జీవోతో సంబంధమే లేదు. స్థానిక నియామకం కావలసిందే, అయితే అది శిక్షణకు బదులు కాదు. గని కార్మికుడి కొడుకును వీటీసీకి పంపింది ఈ ఎరుకతోనే.

మిగిలినవి చిన్న అభ్యంతరాలు. ఇప్పుడు అందరికీ తెలుగు వచ్చు కదా అంటారు. కొండరెడ్లకు తెలుగు ఇంటి మాటే, కోయల్లో ఎంతోమంది రెండూ మాట్లాడతారు. కానీ సంతలో బేరమాడేంత తెలుగు ఒకటవ తరగతి పాఠానికీ, కోర్టు నోటీసుకూ, కడుపునొప్పి ఎక్కడో చెప్పడానికీ చాలదు. ఇరవై ఏళ్ల కిందట ఉమ్మడి రాష్ట్రం కోయతో సహా ఎనిమిది భాషల్లో వాచకాలు తెచ్చింది ఈ సంగతి ఒప్పుకునే. ఒక వారంలో భాష వస్తుందా అని ఇంకొకరు అడుగుతారు. రాదు. వీటీసీ కూడా ఆ కాస్త కాలంలో ఎవరినీ బొగ్గు తవ్వడంలో ఆరితేరినవాడిని చేయదు, ఏం చేయకూడదో చెబుతుంది. ఇప్పపూల రోజుల్లో బడి ఖాళీ అయితే పిల్లల పేర్లు కొట్టేయవద్దని, భూమి పండుగ వేళ సర్వేకు వెళ్లవద్దని, కాగితం మీద వేలిముద్ర తీసుకునేముందు కోయ తెలిసినవాడితో చదివించమని చెప్పడానికి ఏడు రోజులు కావలసినంత. పర్లాకిమిడిలో చరిత్ర పాఠాలు చెప్పుకునే గిడుగు రామమూర్తి సవర నేర్చుకుని బోధించాడు. అలాంటివాళ్లు తరానికి ఒకరు పుడతారు. పుట్టలేదని ఊరుకోకుండా ఉండటానికే నియమావళి కావాలి.

గనిలో తెలియనితనం వల్ల మనిషి పోతే తేదీ, షిఫ్టు, బాధ్యుడి పేరు నమోదవుతాయి. విచారణ జరుగుతుంది, పరిహారం చెల్లుతుంది. గూడెంలో తెలియనితనం వల్ల భూమి పోతే రిజిస్టరులో ‘స్వాధీనం లేదు’ అని ఎక్కుతుంది, పిల్లవాడు బడి మానేస్తే ‘డ్రాపౌట్’ అని ఎక్కుతుంది. ఆ రెండు నమోదుల్లోనూ తప్పు ఆదివాసీ పేరు మీదే నిలుస్తుంది. భద్రాచలంలోని గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, గిరిజన ఉప ప్రణాళిక నిధులు, పేరున్న ఐఏఎస్‌లు, ఇన్ని ఉన్నా ఈ పద్దు మారలేదు. జిల్లాల గీతలు మాత్రం మారుతూనే ఉన్నాయి. 1959లో భద్రాచలం తూర్పుగోదావరి నుంచి ఖమ్మానికి వచ్చింది. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. గీత జరిగిన ప్రతిసారీ కొత్త ఉద్యోగులు వచ్చారు, గూడేలు వారికి మొదటి నుంచీ మళ్లీ చెప్పుకున్నాయి. నేర్పే పని ఎప్పుడూ అడవి వాళ్లదే అయింది, జీతం లేకుండా.

కాబట్టి అడగవలసింది పెద్దదేమీ కాదు. రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ షెడ్యూల్డ్ ప్రాంతంలో చేరే ప్రతి ఉద్యోగికీ, కలెక్టరు నుంచి అటెండరు దాకా, నియామక ఉత్తర్వుతోపాటే శిక్షణ ఉత్తర్వు ఇవ్వాలి. పాఠం చెప్పే కోయ, కొండరెడ్డి పెద్దలకు గౌరవ వేతనం ఇవ్వాలి. ఆ శిక్షణ పూర్తికానిదే ఛార్జి అప్పగించకూడదు. కొత్తగూడెం గనుల్లో ఈ పద్ధతి 1966 నుంచి అమల్లో ఉంది.