పిల్లలను లేపిన బట్టీలు, పెట్టెలు

నైలు డెల్టాలోని బెర్మా గ్రామస్తులంటే ఒకప్పుడు ఈజిప్టు అంతటా గౌరవం. పెట్ట లేకుండా గుడ్లు పొదిగించే విద్య వాళ్ల చేతిలో ఉండేది. తండ్రి కొడుక్కి నేర్పేవాడు, పరాయివాళ్లకు చెప్పేవాడు కాదు. కాలం రాగానే ఊరూరా ఉన్న పొదుగు బట్టీల్లో పనికి కుదిరేవారు. ఒప్పందం సూటిగా ఉండేది: అప్పగించిన ప్రతి మూడు గుడ్లకు రెండు పిల్లలను యజమానికి ఇవ్వాలి, అంతకుమించి లేచినవి పనివాడివి.

ఆ బట్టీని మట్టి ఇటుకలతో కట్టేవారు. నడుమ ఇరుకైన నడవా, దానికి అటూ ఇటూ రెండంతస్తుల చిన్న గదులు. కింది గదిలో వేల గుడ్లు, పై గదిలో పిడకల నిప్పు. పిడక భగ్గున మండదు, నివురు కప్పుకొని నిదానంగా రాజుతుంది. వేడి పెరిగితే కప్పులోని కంత తెరిచేవారు, తగ్గితే మూసేవారు. పొదుగు సగానికి వచ్చాక నిప్పు ఆపేసేవారు. ఎదుగుతున్న పిండం తానే వేడి పుట్టిస్తుంది కాబట్టి ఆ గదులకు అదే చాలేది. ఉష్ణమాపకం లేని ఆ మనుషులు గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి తెలుసుకునేవారు. ఒంట్లో అంత పలుచని చర్మం మరెక్కడా ఉండదు మరి. ఈజిప్టులో ఎరువు కుప్పల్లో గుడ్లు పొదిగిస్తారని క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే అరిస్టాటిల్ రాశాడు.

ఆపడమే అసలు విద్య

కోడిగుడ్డుకు కావలసిన వేడి సుమారు 37.5 డిగ్రీల సెల్సియస్. పెట్ట రోజూ మేతకు లేస్తుంది, గుడ్లు కాస్త చల్లబడతాయి, పిండానికి ఏమీ కాదు. అదే వేడి నాలుగైదు డిగ్రీలు పెరిగి కొన్ని గంటలు నిలిస్తే పిండం దక్కదు. కాబట్టి వేడి పుట్టించడం కంటే దాన్ని సమయానికి ఆపడం కష్టం.

ఆ పనిని మనిషి చేతి నుంచి యంత్రానికి అప్పగించినవాడు డచ్చి దేశస్థుడు కార్నెలిస్ డ్రెబెల్. 17వ శతాబ్దం తొలి దశకాల్లో లండన్‌లో ఉంటూ పొదిగే పొయ్యి ఒకటి తయారు చేశాడు. అందులో గాజు గొట్టంలో ఆల్కహాల్, దాని వెంట పాదరసం ఉండేవి. వేడి పెరిగితే ఆల్కహాల్ ఉబ్బి పాదరసాన్ని నెట్టేది, పాదరసం ఒక కడ్డీని లేపేది, కడ్డీ పొయ్యి గాలిదారిని మూసేది. నిప్పు తగ్గగానే దారి మళ్లీ తెరుచుకునేది. తనను తాను సరిదిద్దుకునే యంత్రాల్లో ఇది తొలినాటిది. ఈనాటి ఫ్రిజ్, ఇస్త్రీపెట్టె, ఏసీల్లోని థర్మోస్టాట్లన్నిటికీ ముత్తాత కోడిగుడ్ల కోసం పుట్టింది.

ఫ్రెంచి శాస్త్రవేత్త రెమూర్ ఈ విద్యను సామాన్యుల ఇళ్లకు చేర్చాలని తపించాడు. గుర్రపు లద్దె కుప్పలో పీపాలు పాతి గుడ్లు పెట్టాడు. లద్దె నుంచి వచ్చే ఆవిరి పిండాలను చంపుతోందని గ్రహించి, అది లోపలికి చొరబడకుండా చూసుకున్నాడు. తన పేరిటే ఉష్ణమాపకం ఉన్న ఆ మనిషి, అది కొనలేని రైతు కోసం మరో ఉపాయం చెప్పాడు: వెన్నలో సగం పాళ్లు కొవ్వు కలిపి కరిగించి సీసాలో పోసి, గుడ్ల పక్కన పెట్టమన్నాడు. ఆ మిశ్రమం చిక్కటి పాకంలా ఉంటే వేడి సరిపోయినట్టు. 1749లో ఇదంతా పుస్తకంగా అచ్చు వేశాడు. లేచిన పిల్లలు వెచ్చగా దూరి పడుకోవడానికి గొర్రెపిల్ల తోలు కుట్టిన పెట్టెనూ రూపొందించాడు.

1879లో కాలిఫోర్నియాలోని పెటలూమాలో లైమన్ బైస్ తన ఇంక్యుబేటర్‌తో ముందుకొచ్చాక ఆ ఊరు గుడ్ల వ్యాపారానికి పెట్టింది పేరైంది. పొదుగు పెద్ద పరిశ్రమగా మారింది.

మన ఇంటి పెట్టె

ఇప్పుడు మన ఊళ్లలో నాటుకోళ్లు పెంచేవాళ్లు థర్మోకోల్ పెట్టె, ఫిలమెంటు బల్బు, చిన్న ఫ్యాను, నీళ్ల గిన్నె, థర్మోస్టాట్‌తో ఇదే పని చేస్తున్నారు. గుడ్లు పెట్టే ముందు ఒక పగలూ రాత్రీ ఖాళీ పెట్టెను నడిపి, గుడ్ల ఎత్తులోనే ఉష్ణమాపకం ఉంచి చూడాలి. గుడ్డుకు ఒక వైపు పెన్సిలు గుర్తు పెట్టి, రోజుకు కనీసం మూడుసార్లు తిప్పాలి. లేకపోతే పిండం లోపలి పొరకు అంటుకుపోతుంది. 18వ రోజు తర్వాత తిప్పడం మానేసి, తేమ పెంచి, మూత తీయకుండా ఆగాలి. 21వ రోజుకు పిల్లలు లేస్తాయి.

పొట్టలోకి లాక్కున్న పచ్చసొన వాటికి రెండు రోజుల ఆహారం. అందుకే మేత కంటే ముందు వెచ్చటి గూడు సిద్ధం చేయాలి. పెట్టె చేయాలనుకునే పిల్లలకు పెద్దలు అడ్డు చెప్పొద్దు. ఒక ప్రాణి బాధ్యతను, ఉష్ణశాస్త్రాన్ని ఒకేసారి నేర్పే పని ఇంట్లో ఇంత చవకగా మరొకటి దొరకదు.