కంటి చుక్కల మందు: ఎప్పుడు వేయాలి, ఎలా వేయాలి, ఎప్పుడు వేయకూడదు



కొన్నేళ్ల కిందట మన బడిలో ఏడో తరగతి పిల్లవాడికి చేలో మొక్కజొన్న ఆకు కంట్లో గీసుకుంది. ఇంట్లో మిగిలిపోయిన చుక్కల సీసా ఒకటి ఉంటే, వాళ్ల అవ్వ అదే నాలుగు రోజులు వేసింది. ఎర్రదనం తగ్గినట్టే అనిపించింది. ఐదో రోజు నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ కనపడింది. అప్పుడు మదురై తీసుకెళ్లారు. కన్ను దక్కింది గాని ఆ కంటికి చూపు మసకే. ఆ సీసాలో స్టెరాయిడ్ కలిసి ఉందని తర్వాత తెలిసింది. అవ్వ ప్రేమతోనే వేసింది. సీసా మీద ఏముందో చదివి చెప్పేవాళ్లు ఆ రోజు ఇంట్లో లేరు, అంతే. అందుకే ఈ వివరాలు రాస్తున్నాను.

కన్ను ఎర్రబడితే అన్నిటికీ ఒకటే మందు కాదు

మనవైపు "మద్రాస్ ఐ" అని, ఆంధ్రలో "కండ్లకలక" అని పిలిచేది చాలావరకు వైరస్ వల్ల వస్తుంది. కన్ను ఎర్రబడి నీళ్లు కారతాయి, ఒక కంటి నుంచి రెండో కంటికి, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకుంటుంది. సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తానే తగ్గుతుంది. యాంటీబయాటిక్ చుక్కలు వైరస్‌ను చంపలేవు.

బాక్టీరియా వల్ల వచ్చేదానిలో పసుపు లేక ఆకుపచ్చ రంగు చిక్కటి పుసి వస్తుంది. పొద్దున లేచేసరికి రెప్పలు అతుక్కుపోతాయి. యాంటీబయాటిక్ చుక్కలు పనిచేసేది దీనికే. తేలికగా ఉంటే ఇది కూడా కొన్నాళ్లకు తానే తగ్గవచ్చు, మందు వేస్తే త్వరగా తగ్గుతుంది.

దుమ్ము, పుప్పొడి పడక వచ్చేదానిలో రెండు కళ్లూ బాగా దురద పెడతాయి. దానికి మందు వేరు.

చూడగానే ఏది ఏదో చెప్పడం మనవల్ల కాదు, డాక్టరే చూడాలి. మన పక్కనే జరిగిన పరిశీలన ఒకటి చెబుతాను. 1994 జనవరి నుంచి మార్చి వరకు మదురైలో నల్లగుడ్డు మీద పుండుతో వచ్చిన 434 మందిని పరీక్షించారు. సూక్ష్మక్రిమి తేలినవాళ్లలో దాదాపు సగం మందికి బాక్టీరియా, దాదాపు సగం మందికి బూజు కారణమని తేలింది. మూడింట రెండు వంతుల మందికి అంతకుముందు కంటికి దెబ్బ తగిలింది. బూజుకు యాంటీబయాటిక్ పనిచేయదు. స్టెరాయిడ్ వేస్తే ఇంకా ముదురుతుంది. చేను పనికి పోయే మన ఇళ్లలో ఇది గుర్తుంచుకోవాలి.

మందు కొనేముందు

సిప్రోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్, టోబ్రామైసిన్, క్లోరాంఫెనికాల్ వంటివి యాంటీబయాటిక్‌లు. వీటిని డాక్టర్ చీటీ మీదే కొనాలి. పేరు పక్కన డెక్సామెథాసోన్, ప్రెడ్నిసొలోన్ అని ఉంటే అందులో స్టెరాయిడ్ ఉన్నట్టు. అవి డాక్టర్ చెబితేనే, చెప్పినన్ని రోజులే. తోచినట్టు వేసుకుంటే కంట్లో ఒత్తిడి పెరిగి చూపే పోవచ్చు.

వేసే పద్ధతి

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. సీసా మీద పేరు, గడువు తేదీ చదవండి. చెవి చుక్కల సీసా కూడా చూడటానికి ఇలాగే ఉంటుంది, జాగ్రత్త.
2. కాచి చల్లార్చిన నీళ్లలో తడిపిన శుభ్రమైన దూదితో పుసి తుడవండి. ఒక దూది ఒక కంటికే, ఒకసారికే.
3. తల వెనక్కి వంచి, కింది రెప్పను మెల్లగా లాగితే చిన్న సంచిలా అవుతుంది. అందులో ఒక చుక్క వేయండి. రెప్పల మధ్య ఒక చుక్కకు మించి పట్టదు, రెండోది చెంప మీదికి కారిపోతుంది.
4. సీసా మూతి రెప్పకు గాని, వెంట్రుకలకు గాని, వేలికి గాని తగలకూడదు.
5. కన్ను మూసుకొని, ముక్కు పక్క మూలను ఒక నిమిషం మెల్లగా నొక్కి ఉంచండి. మందు గొంతులోకి దిగకుండా కంట్లోనే ఉంటుంది.
6. రెండో రకం మందు ఉంటే ఐదు నిమిషాలు ఆగి వేయండి. చుక్కలు ముందు, ఆయింట్‌మెంట్ తర్వాత.

ఎర్రదనం తగ్గిందని మధ్యలో మానకండి, డాక్టర్ చెప్పినన్ని రోజులు వేయండి. సగంలో మానితే మిగిలిన క్రిములు ఆ మందుకు లొంగనివిగా మారే ప్రమాదం ఉంది. సీసా తెరిచిన తేదీ దానిమీదే రాయండి. చాలా సీసాలను తెరిచిన నాలుగు వారాల తర్వాత పారేయాలి. ఒకరి సీసా ఇంకొకరికి వద్దు.

మూతి తగిలితే ఏమవుతుందిలే అనుకోవద్దు. చుక్కలే కలుషితమైతే ఏమవుతుందో 2023లో అమెరికాలో చూశారు. కృత్రిమ కన్నీటి చుక్కలతో ముడిపడి, మందులకు లొంగని బాక్టీరియా 18 రాష్ట్రాల్లో 81 మందికి సోకింది. నలుగురు చనిపోయారు, కొందరికి చూపు పోయింది.

వెంటనే ఆసుపత్రికి వెళ్లాల్సినవి

గట్టి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసక, నల్లగుడ్డు మీద తెల్ల మచ్చ, ఆకు, పుల్ల లేక టపాకాయ మందు తగిలిన కన్ను, కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవాళ్ల ఎర్రకన్ను, పురిటిబిడ్డ కంట్లో పుసి. వీటిలో ఒక్కటి ఉన్నా ఇంటి వైద్యం వద్దు. చనుబాలు, ఆకు పసరు కంట్లో పోయవద్దు. మందు వేసినా రెండు మూడు రోజుల్లో తగ్గకపోతే మళ్లీ చూపించండి.

మనకు దూరం కూడా కాదు. కోవిల్‌పట్టి ప్రభుత్వ ఆసుపత్రి, విరుదునగర్ ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, తిరునెల్వేలిలోను మదురైలోను అరవింద్ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్‌ను మొదలుపెట్టిన డాక్టర్ గోవిందప్ప వెంకటస్వామి మన ఎట్టయపురం దగ్గరి వడమలాపురం మనిషే. కీళ్లవాతంతో వేళ్లు వంకర తిరిగినా లక్షకు పైగా కంటి ఆపరేషన్లు చేశారు.

బడికి సంబంధించి

కన్ను ఎర్రబడి పుసి వస్తుంటే పిల్లలను బడికి పంపకండి. తరగతి టీచర్‌కు కబురు చేయండి. తప్పిన పాఠాలు మళ్లీ చెబుతాం. తువ్వాలు, దిండు, కాటుక వేరుగా ఉంచండి.

పిల్లలూ, మీకొక పని. ఈ ఆదివారం ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ ముందు పెట్టుకోండి. పేరు, తేదీ చదివి అవ్వకు, తాతకు మీ నోటితో తెలుగులో చెప్పండి. గడువు దాటినవి అమ్మకు చూపించి పారేయించండి. మీరు నేర్చుకున్న చదువు ఆ రోజు ఒక కన్నును కాపాడవచ్చు.

ప్రధానోపాధ్యాయులు