తాత ఫియట్‌కి కొత్త బండీ పైపులు

మా ఇంట్లో దాన్ని ఎవరూ ప్రీమియర్ పద్మిని అనరు. ఫియట్, అంతే. 1974 నుంచి పేరు పద్మిని అయినా, వాల్‌చంద్ హీరాచంద్ బొంబాయిలో పెట్టిన ప్రీమియర్ కంపెనీ అంతకు ముందు దీన్ని ఫియట్ పేరుతోనే అమ్మింది. తాత నోట ఆ పేరే నిలిచిపోయింది. బుక్ చేసి ఏళ్ళ తరబడి కాచుకొని 1982లో తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది డిసెంబరులో మారుతి 800 వచ్చింది. "ఇంకొక్క ఏడాది ఆగింటే" అని నాయన తాత వినకుండా అనేవాడు.

పోయిన వానకాలం అయినాక కదిరికి పోదామని బండి బయటికి తీసినాం. గేటు దాటక ముందే బ్రేకు పెడల్ నేలకు తగిలింది. నెమ్మదిగా పోతున్నది కాబట్టి గేటుకి ఆనుకొని ఆగింది. వెనక చక్రం దగ్గర నేలంతా తడి. అవ్వ అప్పటికే వెనక సీట్లో టిఫిన్ క్యారియర్ ఒళ్ళో పెట్టుకొని కూర్చొని ఉంది. బాగేపల్లి దాటినాక, ఏ లారీ వెనకాలో ఇది జరిగింటే అని ఆ రోజు ఎవరం పైకి అనలేదు.

కాలితో తొక్కిన బలం నూనె ద్వారా చక్రాలకు చేరే పద్ధతిని అమెరికాలో మాల్కమ్ లాక్‌హెడ్ రూపొందించాడు. విమానాల లాక్‌హెడ్ ఉన్నాడే, ఆయన అన్న. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకులు పెట్టింది. ఫోర్డు మాత్రం 1939 దాకా కడ్డీలూ తీగలతోనే నెట్టుకొచ్చింది. ఈ నూనె పద్ధతిలో ఒక చిక్కుంది: లైను ఒకటే అయితే, ఎక్కడ చిల్లు పడినా నాలుగు చక్రాలూ పోతాయి. అమెరికాలో 1968 నుంచి కార్లకు రెండు లైన్లు తప్పనిసరి చేశారు. మా ఫియట్‌కి ఆ భాగ్యం లేదు.

ఆ సన్న పైపును మెకానిక్కులు బండీ పైపు అంటారు. తెలుగులోనూ కన్నడంలోనూ బండి అంటే బండే కదా, అందుకే ఆ పేరు అనుకొనేవాళ్ళం. కాదంట. డెట్రాయిట్‌లో హ్యారీ బండీ అనే ఆయన ఉక్కు రేకును రెండు చుట్లు చుట్టి, రాగితో అతికి చేసిన గొట్టం అది. పైన వాన బురద, లోపల బ్రేక్ ఆయిల్ గాలిలోంచి పీల్చుకున్న నీళ్ళు, రెండు పక్కలనుంచీ చిలుము పడుతుంది. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకుండా ఉండాలి. నీళ్ళు చేరినాక ఆ లెక్క 140కి దిగుతుంది. నిలిపి పెట్టిన బండికే ఈ జబ్బు ఎక్కువని మాకు తెలియదు.

జే.సీ. రోడ్డులో ఒక మెకానిక్ చెడిన జానెడు కోసేసి ఫ్రిజ్ రాగి పైపు అతుకుతానన్నాడు, గంటలో పని. నాయన సరే అన్నాడు. మేము ఒప్పుకోలేదు. మెత్తని రాగి బండి అదురుకి గట్టిపడి చిట్లుతుంది. అదీగాక ఒక చోట చిల్లు పడితే మిగతాచోట్ల పడదని ఎవరు చెప్పాలి? సాఫ్ట్‌వేర్ టెస్టర్ బుద్ధి ఇంట్లో కూడా పోదు అని నాయన విసుక్కున్నాడు. బొంబాయిలో పద్మిని టాక్సీలు 2023 అక్టోబరుతో ఆగిపోయినాయి, ఇక సామాను ఎక్కడ దొరుకుతుంది, అమ్మేద్దాం అని కూడా అన్నాడు. ఆ మాటకు అవ్వ రెండు రోజులు ఆయనతో పలకలేదు.

చివరికి వేరే మెకానిక్ 3/16 అంగుళం ఉక్కు పైపు చుట్ట తెచ్చినాడు. పాత పైపులు నేలమీద పరచి, వాటి వంపు చూసి కొత్తవి వంచినాడు. నట్లు ఎక్కించినాక కొసలు రెండు మడతలుగా విప్పాలి, అదే ఆ పనిలో నేర్పు. ఒక మడతతో వదిలేస్తే కొస చీలుతుంది.

పాత వాటిలో ఒకదానికి ఇత్తడి అతుకు కనిపించింది. అది ఎప్పటిదో ఎవరికీ తెలియదు. డ్యాష్‌బోర్డులో తాత ఖర్చుల పుస్తకం ఉంటుంది. మేం కన్నడ మీడియంలో చదివినవాళ్ళం, తాత గొలుసుకట్టు తెలుగు కూడబలుక్కొని చదవాలి. 1996 పేజీలో దొరికింది: "మొలకల్చెరువు దగ్గర బ్రేకు పైపు. అతుకు 40 రూ. ఊరికి పోయినాక మొత్తం మార్చాల."

నాయన ఆ పేజీ చూసి ఏమీ అనలేదు. కొత్త పైపుల దుడ్లు తానే ఇచ్చినాడు.

కింద మేమూ ఒక లైను రాసినాం, తేదీ, పైపు, ఆయిల్ డాట్ 3. తలకట్లు కన్నడంలా గీసినామని అవ్వ దిద్దింది. శుక్రవారం కదిరికి పోతున్నాం.