మన్యములో మన ఉపదేశులు

1846లో పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు విశాఖపట్నము చేరిరి. 1886లో అది మేత్రాసనమైనది. ఈ తేదీలు మనకు కంఠస్థమే. అరకు కొండల ఉపదేశుల పేర్లు ఎందరికి తెలియును?

గురువు రాని ఆదివారము ప్రార్థన నడిపేది, మరణావస్థలోనున్న వానికి జ్ఞానస్నానమిచ్చేది ఉపదేశియే. కువి, ఆదివాసీ ఒడియా పలికే ఇండ్లలో తెలుగు జపమునకు అర్థము చెప్పవలసినదీ ఆయనే. సందేహము కలిగితే అడుగుటకు పక్క ఊరి ఉపదేశి తప్ప వేరెవరు? అందుచేత విచారణ గుడివద్ద వారందరు కలిసి వండుకొని తిని, పొద్దుపోవువరకు మాట్లాడుకొను కూటము ఏ శిక్షణ తరగతికిని తీసిపోదని నా అభిప్రాయము.

1965లో రెండవ వాటికన్ మహాసభ ఉపదేశులకు శిక్షణ, కూటములు, న్యాయమైన వేతనము ఉండవలెనని కోరినది. 2021లో ఫ్రాన్సిస్ పాపుగారు వారి పనిని స్థిరమైన పరిచర్యగా నెలకొల్పిరి. వేతనము మాట ఎత్తగానే మాత్రము మన లెక్కలు నేటికిని తడబడుచున్నవి.